రాయి తిన్న తీగ

రామతీర్థం క్వారీలో నేను కొలతల గుమస్తాను.
పొడుగు, వెడల్పు, ఎత్తు టేపు పట్టి చూసి
దిమ్మె నుదుటిన ఎర్ర పెయింటుతో నంబరేస్తాను.
నూట పద్దెనిమిదో దిమ్మెకి మాత్రం
నంబరు కింద చేరాల్సిన చోటు కూడా రాయమన్నారు.
సిసిలీ.
తెలుగులో మూడే అక్షరాలు.
ఇంగ్లీషులో రెండుసార్లు తుడిచి రాశాను.

కొనొచ్చిన పెద్దాయన పేరు కార్మెలో.
రోహిణి కార్తె, గుంతలో గాలాడటం లేదు.
దిమ్మె మీద బిందెడు నీళ్లు పోయించి
లోపలి బంగారు చుక్కలు పైకి తేలాక
పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమిరాడు.
వాళ్లకి నిప్పుకొండ వాలులో ద్రాక్షతోటుందంట.
వచ్చినోళ్లకి వైను రుచి చూపించే బల్లకి
మా చీమకుర్తి నల్లరాయే కావాలంట.
మీ కొండ కూడా నలుపేగా అన్నాను.
నలుపే, కానీ చుక్కల్లేవు అని నవ్వాడు.

టీ చల్లారేదాకా ద్రాక్షల పేర్లు చెప్పాడు.
మద్రాసు నుంచొచ్చిన దుబాసీ కుర్రాడు చెమటలు తుడుచుకుంటా
ఒక్కోటి మా భాషలోకి దింపాడు.
నెరెల్లో అంటే నల్లోడు.
కార్రికాంతే, కాపుకొస్తే బండెడు బరువు మోసేది.
జిబిబ్బోది ఇంకో చిన్న దీవి,
గాలి కొట్టకుండా గుంత తీసి
ఆ గుంతలో పెంచుతారంట తీగని.
నేను మా గుంతకేసి చూశాను.
రెండొందల అడుగులు. అడుగున పచ్చనీళ్లు.
ఏదీ పెరగదు.

పోతా పోతా ఒక సీసా చేతిలో పెట్టాడు.

మా నాయన మాలకొండయ్య,
ముప్పై ఎనిమిదేళ్లు మోకు కట్టి
తాళ్లెక్కిన మనిషి,
ఇప్పుడు తుంటి విరిగి నులక మంచాన.
బిరడా రాకపోతే గీతకత్తి మొనతో లోపలికే నెట్టాడు.
స్టీలు గ్లాసులో పోసుకుని వాసన చూశాడు,
నాలిక మీద కాసేపు ఆపాడు,
గోడకేసి చూశాడు.
"తియ్యన లేదు.
పోతుతాటి కల్లు, వాన పడబోయే ముందు దింపింది,
అట్టా ఉంది.
ఈ చెట్టు రాయి తిన్నదే అమ్మాయ్."

నిప్పుకొండ సంగతి నేనింకా చెప్పనే లేదు.

సీసా మీద రాసుంది తోట పేరు కాదంట,
తోటలో ఒక చెక్క పేరంట.
ఎప్పుడో లావా పారి ఆగిన మేర
ఒక్కో మడికీ ఒక్కో పేరు,
పక్క మడి రసం ఇందులో కలపరంట.
నాయన గ్లాసు కింద పెట్టాడు.
"మనకి మాత్రం లేవా?"
వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.
చవిటికయ్య గట్టున గూనితాడు.
సుబ్బులు పొలంలో పులుపుతాడు, పొద్దున్నే తాగాలి.
పిడుగు పడ్డా చావని మొండిదాని కల్లు
కాటిరెడ్లు తప్ప ఎవరూ అడిగేవాళ్లు కాదు.
పెంటితాళ్లు పదకొండు, అక్కచెల్లెళ్లు,
ఒకదాని రుచి ఇంకోదానికి రాదు.
పదహారో వేలు లేక మళ్లీ మొదటికొచ్చాడు.

అవన్నీ ఇప్పుడు క్వారీ చెత్తరాళ్ల కింద.
సర్వే నంబర్లు మాత్రం నా రిజిస్టర్లో ఉన్నాయి.

సంక్రాంతి పోయాక ఫోనుకి ఫోటో వచ్చింది.
పొడుగాటి బల్ల, అద్దంలా పాలిషు.
దాని మీద సన్నకాళ్ల గ్లాసులు,
ఒక గ్లాసు కింద ఎర్రటి వలయం, తుడవలేదింకా.
ఎవరో ఆడమనిషి నోరారా నవ్వుతోంది.
నేను నా నంబరు కోసం వెతికాను.
ఉండదని తెలుసు, మొదట చెక్కేసేది ఆ ముఖాన్నే.
నాయన ఫోను దగ్గరకి లాక్కున్నాడు.
"చుక్కలు బాగా తేలినయ్యి" అన్నాడు,
అంతే.

సీసాలో ఇప్పుడు ఆయన తుంటికి రాసే ఆముదం.

మర్నాడు చీలిక వచ్చి పారేసిన దిమ్మెలు
లెక్కపెట్టి వస్తుంటే
డబ్బా అడుగున పెయింటు కొంచెం మిగిలింది.
ఒకదాని మీద గూనితాడు అని రాశాను.
ఇంకోదాని మీద పులుపుతాడు.
మూడోదానికి పెయింటు చాలక
మొండి దగ్గరే ఆగిపోయింది.

సూపర్‌వైజరు కోటయ్య కళ్లద్దాలు పైకి తోసుకుని
చాలాసేపు చదివాడు.
"ఇదేం గ్రేడు?" అన్నాడు.