నాకు చెప్పని పేరు

మా ఆవిడ మిత్సుయోది జీతం లేని ఉద్యోగం.
ప్రభుత్వం నుంచి ఒక కాగితం, కోటుకి గుచ్చుకునే బిళ్ళ,
ఒతారు కొండవాలు మీద నూట అరవై ఇళ్ళు.
ఆ ఇళ్ళలో పిల్లలు తిన్నారా, బడికెళ్ళారా,
మోకాలి మీద దెబ్బ ఆటలో తగిలిందేనా?
అదీ పని.

షరతు ఒక్కటే.
చూసింది ఎవరికీ చెప్పకూడదు,
కట్టుకున్నవాడికైనా సరే.

నలభై ఒక్క చలికాలాలు ఒకే పొయ్యి దగ్గర
చేతులు కాచుకున్న మనుషులం.
రేవులో క్రేన్ నడిపి రిటైరైన నా దగ్గర
రెండు సాకే సీసాలు తప్ప దాపరికాలు లేవు.
అవెక్కడున్నాయో ఆవిడకి తెలుసు.
ఆవిడ సొరుగు తాళం మాత్రం
ఆవిడ మెడలోనే ఉంటుంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
ఈవిడ అన్నీ కడుపులో పెట్టుకుంటుంది.
కొన్ని రాత్రులు అందుకే కాబోలు
అన్నం సగంలో వదిలేస్తుంది.

జనవరిలో తెల్లారకుండానే బయటికెళ్ళి
జనం పేపరు చదివినట్టు మంచుని చదువుతుంది.
ఇది పాలబండి. ఇది పిల్లి.
ఇది ఒకుమురా ముసలాయన చేతికర్ర.
ఇవి బడికి ఆలస్యమై పరిగెత్తిన బూట్లు.

ఒకరోజు తిరిగొచ్చి, కోటైనా విప్పకుండా
"పెద్ద పార ఎక్కడుంది?" అంది.
అంతే.
మూడు పొద్దులు ఎక్కడికో మోసుకెళ్ళింది.
నాలుగో పొద్దున నేనూ వెనకాల నడిచాను.
రమ్మనలేదు. వద్దనలేదు.

ఒక మేడ బయటి మెట్లు.
కిందికి దిగిన అడుగు ఒక్కటీ లేదు.
ఆవిడ తవ్విన చోటే మళ్ళీ మోకాలి లోతు మంచు.
ఇద్దరం తవ్వాం.
గొలుసు తియ్యకుండా తలుపు నాలుగు వేళ్ళు తెరుచుకుంది.
"మిమ్మల్నెవరు రమ్మన్నారు?" ఒక ఆడగొంతు, నిద్రో జ్వరమో.
"మంచుని మాత్రం ఎవరు రమ్మన్నారమ్మా?" అంది మిత్సుయో.

ఆ సందులోంచి, తలుపు పిడి ఎత్తులో,
ఒక కన్ను.
ఆ భుజం మీంచి ఇంకో చిన్న తల,
వీపుకి కట్టిన పసిగుడ్డు.
మోస్తున్న బిడ్డకి ఏడేళ్ళుంటాయేమో.

నేను చూడ్డం మిత్సుయో చూసింది.

దారిలో అడిగింది, "ఏం చూశావ్?"
"మెట్లు. పద్దెనిమిది."
నా మోచెయ్యి పట్టుకుని నడిచింది ఇంటిదాకా.
జారుతుందని మాత్రం కాదు.

ఆ తర్వాత స్నానాల గదిలో కుళాయి తిప్పి ఫోన్లు.
ఎవరితోనో గట్టిగా: "వచ్చే వారం కాదు. ఇవాళ."
నేను వంటింట్లో ఉల్లిపాయలు లెక్కపెట్టాను.
మూడేళ్ళ కిందట ఒకింటి తలుపు
రేపు తడదాంలే అనుకుంది.
ఆ రేపటికి ఇల్లు ఖాళీ.
ఆ కాగితం ఇంకా సొరుగులోనే ఉందని
నాకెలా తెలుసంటారా?
ఆ తేదీన ఏటా పొద్దున్నే లేచి
ఆ గుమ్మం ముందు మంచు తీసొస్తుంది.

గురువారాలు సంఘం హాల్లో పిల్లలకి కూరా అన్నం.
బంగాళాదుంపల తొక్క తీసే పని నాది.
ముప్పై మంది వస్తారు.
వాళ్ళలో ఎవరో నాకు తెలీదు,
తెలుసుకోకపోవడమే నా ఉద్యోగం.
అందరికీ ఒకే గరిటె.
మొన్న ఒకమ్మాయి మూత ఉన్న డబ్బా చాపి
"ఇంకొంచెం, ఇంటికి" అంది.
నిండా పోశాను. ఎవరికని అడగలేదు.
మూత బిగించేటప్పుడు మాత్రం
నా ముసలి వేళ్ళు కాస్త వణికాయి.

మార్చి. మంచు పలచబడింది.
ఆ పద్దెనిమిది మెట్ల మీంచి
ఒక జత చిన్న బూట్లు, బడివైపు.
పక్కనే పెద్ద చెప్పులు గేటుదాకా వచ్చి,
అక్కడ కాసేపు నిలబడి,
వెనక్కి తిరిగిన గుర్తులు.

మిత్సుయో చాలాసేపు కదల్లేదు.
"ఏంటి?" అన్నాను.
"ఏం లేదు."

ఆ అడుగులు తొక్కకుండా
ఇద్దరం రోడ్డు అంచున,
బురదలోంచి నడిచి ఇంటికొచ్చాం.