మీటరు కూత

కావమ్మ హార్డ్ డిస్కును
చేపల ఐసు డబ్బాలో పెట్టి తెచ్చింది.
"వేడెక్కి చచ్చింది గదా,
చల్లగా ఉంటే మేలనుకున్నా."
ఐసు వెయ్యలేదు. అంతవరకు నా అదృష్టం.

తుఫాను వెళ్ళిన నాలుగో రోజు
కాశిమేడుకి కరెంటు తిరిగొచ్చింది,
స్తంభం మీద న్యూట్రల్ తెగి
రెండిళ్ళ కోపం ఒకే ఇంట్లో దిగినట్టు.
వేలం షెడ్డులో ఫ్యాను పోయింది, బల్బులు పోయాయి,
పదకొండేళ్ళ పద్దు ఉన్న కంప్యూటరు
చిటుక్కుమని, అంతే.

రిచీ వీధిలో, జిరాక్సు షాపు మీద,
నిచ్చెనలాంటి మెట్లెక్కితే నా బల్ల.
దస్తగీర్ మేస్త్రీ నేర్పిన వరస ఇంకా తప్పను:
ముందు ముక్కు, తర్వాత కన్ను,
మీటరు ఆఖర్న.
ముక్కు ఈసారి పనికిరాలేదు.
కాలిన వాసన కోసం వంగితే
ఎండు నెత్తళ్ళు.

నక్షత్రం మూతి స్క్రూలు ఆరు.
బోర్డు వెల్లకిలా తిప్పితే
ఉప్పుగాలికి నల్లబడ్డ పాయింట్లు,
పిల్లల రబ్బరుతో తుడిస్తే రాగి నవ్వింది.
పన్నెండు వోల్టుల దారి మీద మీటరు ముల్లు ఆనించాను.
కూత.
ఎక్కడ పెట్టినా అదే కూత.
వాకిట్లో కాపలా డయోడు
వచ్చిన వరదనంతా తన మీదుగా నేలలోకి తోసి
తలుపుకడ్డంగా పడిపోయింది.
అది బతికి ఉన్నా ఎవరూ పట్టించుకోరు,
చచ్చాక ఎవర్నీ లోపలికి రానివ్వదు.
వేడిగాలి పట్టి ఎత్తేశాను.
కూత ఆగింది.

అక్కడితో అయిపోతే
ఈ వీధిలో అందరూ మేస్త్రీలే.
మోటారును నడిపే చిప్పు మీద
గుండుసూది మొనంత గుంట,
భూతద్దం కింద మశూచి మచ్చలా.
దీనికి మందు లేదు. ఇంకో బోర్డు కావాలి,
అదే నంబరు, చివరి అక్షరం దాకా.
తుక్కు బస్తాల్లో రెండు రోజులు వెతికాను.

ఆ రెండు రోజుల మధ్యలోనే
ఏకాంబరం వచ్చాడు, బావమరిదిని వెంటేసుకుని.
టంకం స్టాండు కింద అయిదొందల నోటు మడిచి పెట్టి
"అది బతకదని చెప్పన్నా,
నీకూ పని తగ్గుద్ది."
నోటును ముట్టలేదని చెప్పుకోవాలని ఉంది.
ముట్టాను. వెలుతురుకి ఎత్తి కూడా చూశాను.
తర్వాతే అతని జేబులో పెట్టాను.

దొరికిన బోర్డు ఊరికే బిగిస్తే పలకదు.
ఏ పళ్ళెం ఎక్కడ వంకరో, ఏ ముల్లు ఎంత తడబడుతుందో
ప్రతి డిస్కు తన జాతకం
ఎనిమిది కాళ్ళ చిప్పులో రాసుకుంటుంది.
పాత బోర్డు నుంచి దాన్ని ఊడదీసి
చెమట చుక్క పడకుండా, ఊపిరి వదలకుండా
కొత్తదాని మీద ఎనిమిది కాళ్ళూ నిలబెట్టాను.
మోటారు తీగల్ని ముందే కొలిచాను,
లేకపోతే ఇదీ కాలేది.

స్క్రూడ్రైవరు పిడి చెవికి, కొన డిస్కుకి.
కరెంటు ఇచ్చాను.
కింద వీధిలో బళ్ళ హారన్లు,
ఎవరో మెమరీ కార్డుల రేటు అరుస్తున్నాడు,
వాటన్నిటి కిందుగా
గిన్నెలో గోలీ తిప్పినట్టు మొదలై
సన్నబడి, సన్నబడి, నిలకడగా.

అన్నీ వచ్చాయో లేదో చూడాలంటే
ఒక్క ఫైలైనా తెరవాలి. తెరిచాను.
పేరు, బాకీ, తేదీ.
చివరి గడిలో కావమ్మ మాటలు, పద్దు రాసే పిల్లాడి అక్షరాల్లో.
"ఇద్దరి ముందు అడగొద్దు."
"రోజూ అడగాల, సిగ్గు లేదు."
ఏకాంబరం, నలభై రెండు వేలు.
"వల కొన్నాక అడగాల."

సాయంత్రం అతని ఫోను.
"బతికిందా?"
"తిరుగుతోంది."
అటువైపు సముద్రం కాసేపు వినిపించింది.
"సరే. వల ఇంకా కొనలేదని చెప్పన్నా."