ఎరుపు ఎలా ఉంది

రెండు మంచులు పడాలి.
ఒకటి చాలదని మా అత్త లెక్క.
మొదటి మంచుకి ఆకు బెదురుతుంది,
రెండోదానికి లొంగుతుంది.
అప్పుడు వేరు తెగకుండా పెకలించి
మట్టితోనే మోపులు కట్టి తేవాలి.

నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి.
మెస్త్రేలో బస్సుల కింద వెల్లకిలా పడుకుని
ఇరవై ఏళ్లు బోల్టులు బిగించాను.
సీలే నది ఒడ్డున ఈ మూడెకరాలకి
భార్య వెంట, ఒక పానాల పెట్టెతో దిగాను.
పానాలు నీళ్ల పంపుకి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

రాడిక్కియో తినడమే తెలుసు నాకు.
పొలంలో అది ఎవరో తొక్కిపోయిన చెత్తలా
బురద రంగులో నేలకి అతుక్కుని ఉంటుంది.
"ఇదా?" అన్నాను మొదటి ఏడు.
"పైన చూడకు" అంది మా అత్త నీవెస్.
ఆ పేరుకి మంచు అని అర్థం.
రోడ్లు మూసుకుపోయిన రోజున పుట్టిందట,
మంత్రసాని బండి సగం దారిలో ఆగిపోయిందట.

కొట్టం వెనక సిమెంటు తొట్లు.
భూమిలోంచి ఊరే నీళ్లు
రాత్రీ పగలూ వాటిలోంచి పారుతూనే ఉంటాయి.
వేళ్లు కొంకర్లు పోయే చలిలో
ఆ నీళ్లు మాత్రం గోరువెచ్చగా తగుల్తాయి,
తెల్లవారితే సన్నగా ఆవిరి లేస్తుంది.
మోపుల్ని వేళ్లు మునిగేలా నిలబెట్టి
నల్ల పట్టా కప్పేస్తాం.
ఇరవై రోజుల చీకటి.
బయటి ఆకులు కుళ్లిపోతాయి.
ఆ కుళ్లు మధ్యన కొత్త మొగ్గ సాగుతుంది.

తర్వాత ఒలవడం. డిసెంబరంతా ఒలవడమే.
పది కిలోలు ఒలిస్తే మూడు మిగులుతాయి.
ఆ పారేసే ఏడు కిలోలకీ
నాకు రాత్రుళ్లు నిద్రపట్టేది కాదు.
మెకానిక్కుని. అరిగిన వాషర్నీ దాచుకునే చెయ్యి.

అత్త వంపు కత్తి పట్టిందంటే
రెండు చీల్పులు, ఒక చెక్కుడు,
వేరు పెన్సిల్ మొనలా తేలుతుంది.
నేను ఒకటి ముగించేలోగా ఆమెవి నాలుగు.
బుట్ట నిండగానే నాకేసి తోసి అడిగేది:
"ఎరుపు ఎలా ఉంది?"
"ఎర్రగానే ఉంది."
"ఎర్రగానే అంటే?"
పంతులమ్మ పరీక్ష పెడుతోందనుకుని
విసుగు మింగి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

నిన్న సాయంత్రం కొట్టంలో బల్బు పోయింది.
నా కత్తి ఆగింది.
చీకట్లో ఆమె కత్తి ఆగలేదు.
చర్రు, చర్రు, టక్.
చర్రు, చర్రు, టక్.
"అత్తయ్యా, దీపం పోయింది."
అప్పుడాగింది.
తొట్లలో నీళ్ల చప్పుడు పెద్దదైంది.
"అవునా" అంది.

చాలాసేపటికి,
"ఎడమ కన్ను ద్రాక్ష కోతలప్పుడే పోయింది.
కుడిదాంట్లో ఎవరో పాలు పోశారు.
ఓర్నెల్లాకి చెప్పకు.
డాక్టరంటుంది, మంచమంటుంది.
పండగ గిరాకీ అయ్యాక చూద్దాం."

కొత్త బల్బు బిగించాను.
ఈ ఇంట్లో నాకు వచ్చిన పని అదొక్కటే.
వెలుగులో ఆమె వేళ్లు చూశాను.
కుళ్లు ఎక్కడ ఆగిందో, గట్టిదనం ఎక్కడ మొదలైందో
గోటితో చదువుకుంటున్నాయి.

బుట్ట నిండింది. తోసింది.
"ఎరుపు ఎలా ఉంది?"

ఒకటి చేతిలోకి తీసుకున్నాను.
దీపం కింద తిప్పాను.
పెట్టెలో సరైన సైజు పానా వెతికినట్టు
మాట కోసం వెతికాను.

"నడిమి ఈనె తెలుపు. ఉడికించి ఒలిచిన గుడ్డు తెలుపు.
దాని అంచున ఎరుపు చెప్పాపెట్టకుండా మొదలవుతోంది.
బ్రేకు వేసినప్పటి లైటు ఎరుపు కాదు.
షెడ్డులో రాత్రంతా ఆపి ఉంచిన బస్సుది,
లోపల దీపం లేకపోయినా ఎర్రగా ఉండేది.
కొసలు లోపలికి వంగాయి, నీ వేళ్లలాగే.
ఈ ఒక్కదాని కొసన మాత్రం
ఇంకా పచ్చ పోలేదు."

"ఏ తొట్టిది?"
"రెండోది."
"అయితే రేపు దాన్ని తియ్యకు. ఇంకో రెండు రోజులు."

ఇంట్లోంచి ఓర్నెల్లా భోజనానికి కేకేసింది.
చేతులు కడుక్కున్నాం.
గడప దగ్గర, పట్టుకుంటుందేమోనని
మోచెయ్యి కాస్త ముందుకి పెట్టాను.
ఆమె నన్ను దాటుకుని మెట్టు దిగింది,
చీకట్లో నడిచిపోయింది.

నేనే బుట్ట తట్టుకుని తూలాను.
"చూసుకుని నడువు" అంది.