ఉప్పు పట్టిన అంగీ

అల్ వత్బా గేటు కాడ నా డ్యూటీ.
చేతిల చీపురు, మెడల కార్డు.
కార్డు మీద పేరు సగమే పట్టింది: పల్లపు మొండ.
మిగిలిన "య్య" ఏ మిషన్ల ఇరుక్కున్నదో.

రాయి కొట్టే ఇంట్ల పుట్టిన.
మానకొండూరు దిక్కు గుట్టల మీద
సమ్మెట దించి చెవి ఆనించేటోడు నాయిన:
ఖంగుమంటే గట్టిది,
బొదబొదమంటే లోపల పగులున్నట్టు.

ఇక్కడ, వచ్చిన మొదటి రోజే,
ఎవ్వరూ చూస్తలేరని
వేలు మడిచి కణుపుతోని కొట్టి చూసిన.
ఏ సప్పుడూ రాలే.
గోరు తగిలిన కాడ జొన్నపిండి లెక్క రాలింది.
"గాలి కట్టిన గోడరా అది, చెయ్యి తియ్యి"
అని అరిచిండు ఫోర్‌మన్ శశాంకన్.

గాలి గోడ ఎట్ల కడతది?
టీ తాగేటప్పుడు చెప్పిండు, అరకొర హిందీల:
గల్ఫుకు సముద్రమే లేని కాలం ఒకటుండెనట.
లోకంల ఎక్కడెక్కడనో నీళ్ళు మంచై గడ్డకడితే
ఇక్కడ అడుగు బయటపడ్డదట, గవ్వలతో సహా.
షమాల్ ఆ గవ్వల పొడిని ఎత్తుకొచ్చి
ఈడ కుప్ప పోసిందట.
కింద ఊరిన తడి గవ్వల సున్నాన్ని కరిగించి
ఆరుకుంట ఆరుకుంట
రేణువుకు రేణువును అంటు పెట్టిందట.
తడి అందిన ఇసుక ఆగింది.
అందనిది మళ్ళ గాలెంట పోయింది.

ఆ పోయినదాని జాగ ఉన్నది చూడు,
గోడ కింద తొలిచిన గుయ్యారం,
సెలవు రోజు వచ్చే జనం
అందుల నిలబడే ఫోటో దిగుతరు.

దుమ్ము, తడి, ఓపిక.
ఇంత చాలట రాయి పుట్టనీకి.
నాయిన ఎక్స్‌రే యాదికొచ్చింది.
కరీంనగర్ దవాఖానల డాక్టరు
కిటికీ వెలుగుకు పట్టి చూపెట్టిండు,
పక్కటెముకల నడుమ తెల్ల తెల్లగ.
ఇరవై ఏండ్ల రాతిదుమ్ము అన్నడు.
శశాంకన్‌కు ఇది చెప్పలే.
సగం టీ పారబోసి లేచిన.

జనవరి పొద్దున పొగమంచు దిగితే
గోడలు తడిసిన రొట్టె రంగుకొస్తయి.
తొమ్మిదింటికల్లా ఏమీ జరగనట్టు తెల్లబడతయి.
రాత్రంత గాలి గీకిందాన్ని
దారి మీదికెల్లి నేను ఊడ్చి అవతల పోస్త.
గాలి దగ్గర నేను కూలోన్ని. జీతం మాత్రం కంపెనీ ఇస్తది.

ఆగస్టు. నీడకు కూడ చెమట పట్టే నెల.
సముద్రం కనిపించదు గని
ఉక్కపోతై వచ్చి వీపు మీద కూసుంటది.
డ్యూటీ దిగి అంగీ తీగ మీద ఆరేసి
రొట్టె తిని వచ్చేసరికి
చంకల కింద, కాలరు చుట్టూ
తెల్లటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి,
ఆ గోడల మీద వరుసలున్నట్టే.
తీసి మంచం మీద పెట్టిన.
కూలబడలే.
భుజాలు కొంచెం ఎత్తుగ, లోపల ఎవ్వరూ లేకుండనే
కూసున్నది.
"కొత్తోడు ఎవడు?" అని నవ్విండు పైమంచం ఇలాహీ బక్ష్.

వేలు మడిచిన.
చెవి దగ్గర పెట్టుకొని ఒక్కసారి కొట్టిన.

రెండు బకెట్ల నీళ్ళు పట్టినయి
దాన్ని మళ్ళ బట్ట చెయ్యనీకి.