ఇరవై ఎనిమిది హెర్ట్జ్

డబ్బా మీద పెద్దక్షరాల్లో వెయ్యి వాట్లు.
అడుగున, చీమతలంత అక్షరాల్లో
ఆర్‌ఎంఎస్ నూట ఇరవై.

"పెద్దంకెను నమ్మగాకు అన్నా,
పందేనికి ఒక్కతూరి బండ ఎత్తేటోడు వాడు.
చిన్నంకె పొద్దుగూకేదాకా మోసే కూలి,"
యర్రగుంట్ల అంగట్లో ఖాజావలి మాట.

ఇంకో అంకె చూపించినాడు: ఇరవై ఎనిమిది హెర్ట్జ్.
ఎంత కిందికి దిగితే అంత మేలంట.
మా బోర్లకు మాత్రం పనికిరాని లెక్క.

మూలకు పెడితే బీరువాలో గ్లాసులు వణికినాయి.
అడుగు ముందుకు జరిపినా.
క్రాసోవర్ ఎనభై దగ్గర నిలిపినా.

మా మామ మద్దిలేటి
నాపరాతి గనిలో ఇరవయ్యేండ్లు తూటాలు పెట్టినోడు,
చెవులు ఆడనే వదిలేసొచ్చినోడు,
సినిమాకు వీపు తిప్పి
నేల మీద ఎర్రగడ్డలు తరుగుతున్నాడు.

తెర మీద కొండ కూలింది.
కత్తి ఆగింది.
అరచెయ్యి బండపరుపుకు ఆనించి
"ఎవుర్రా, ఎర్రజెండా ఎత్తకుండానే పేల్చింది?"

నేను నల్లపెట్టె చూపించినా.
దాని ముందర గొంతుకూర్చోని
జాలీ మీద వేళ్లు పెట్టినాడు,
జ్వరం చూసినట్టు.
ఒకటి.
రెండు.
మూడు.

"నాలుగోది పేలల్యా.
ఎవురూ లేయగాకండి."

సినిమా అయిపోయింది.
మేమెవరం లేయలేదు.