అరిగిన వైపు

డేరా సినిమా వాళ్ళ బండిల్లు అది,
మండపేటలో ఊకమిల్లు వెనక దొరికింది.
కిటికీ రెక్కలున్నాయి, ప్రొజెక్టరు బిగించిన బోల్టులున్నాయి,
టిక్కెట్లు చింపే కుర్రాడి ఎత్తు
గోడమీద బొగ్గుగీత.
లేనిదల్లా ముందు కప్లింగే.

కొత్తది చేయించెయ్యమన్నాను.
పేర్రాజు నాకేసి
పులుసులో వెంట్రుక కనబడ్డట్టు చూశాడు.

ఆర్నెల్లు పాత ఇనుము కొట్లు తిరిగాం.
రావులపాలెంలో ఒకటి, ట్రాక్టరుది.
తణుకులో ఒకటి, ఎవరో వెల్డింగు పెట్టి చంపేశారు.
చివరికి కోటిపల్లి రేవులో
పల్లాలమ్మ పడవకి లంగరై
బురదలో బోర్లా పడుకునుంది.

"పదహారేళ్ళుగా నా పడవని ఆపుతోంది,
దీంతో బండి లాగుతారా!" అని నవ్విందామె.
ఓ నైలాను మోకూ, మిల్లు చక్రం ముక్కా ఇచ్చి తెచ్చుకున్నాం.

కిరసనాయిలుతో కడిగితే
గిన్నె లోపల ఎడమవైపే అరుగు.
పేర్రాజు వేలు పెట్టి తడిమాడు:
"కాలవగట్టు దారి. ఎప్పుడూ నీళ్ళవైపే గుంజేదన్నమాట."
నేనూ పెట్టాను వేలు.
నున్నగా, చల్లగా,
పేరు తెలియని డ్రైవరెవడో రాత్రిళ్ళు
కుడికి కోసుకుంటూ పోయిన దారి.

నిన్న బిగించాం.
లాగే జీపే ఇంకా దొరకలేదు.