పాలపళ్ళు రాలాక

నేను సీసాలు కడిగేవాణ్ణి.
అరూషా ఊరి చివర, మేరు కొండ కనిపించే ల్యాబులో
పద్నాలుగేళ్ళుగా అదే పని.
మూడుసార్లు పంపునీళ్ళు, మూడుసార్లు డిస్టిల్డ్ నీళ్ళు.
వేలిముద్ర మిగిలితే డాక్టర్ ఎలినామి ఊరుకోదు.
"కంటికి కనిపించే మురికితో మనకి పేచీ లేదు, అమినియేల్,
కనిపించనిదాన్ని కడుగు" అంటుంది.
అదెలాగో ఇప్పటికీ నాకు తెలీదు.
కడుగుతాను.

మా నీళ్ళు తేటగా ఉంటాయి.
ఎప్పుడో అగ్గి కక్కిన కొండ కడుపులోంచి
రాళ్ళని నాకుతూ వస్తాయి.
కాచినా పోదు, గుడ్డలో వడకట్టినా పోదు
వాటిలోని ఫ్లోరైడ్.
మా పళ్ళది వేయించిన కాఫీగింజల రంగు.
మా వైపు నవ్వుకంటే ముందు చెయ్యి లేస్తుంది.
పెళ్ళి ఫోటోలో నేనూ న్దేషీ
పెదాలు బిగించి, ఎవరో పోయినట్టు నిలబడ్డాం.
మా అత్త మోకాళ్ళు విల్లులా వంగి
చర్చి మెట్లు పంటిబిగువున ఎక్కేది,
ఆ పళ్ళకే బిగువు లేదు.

డాక్టరమ్మవీ ఆ పళ్ళే.
పెద్ద చదువులు చదివొచ్చింది, సభల్లో మాట్లాడుతుంది,
నవ్వొస్తే మాత్రం చేతిలో కాగితం పైకి లేస్తుంది.

ఒక రాత్రి నన్ను మైక్రోస్కోపు గదిలోకి పిలిచింది.
తెర మీద గుహలు. గుహల్లో గుహలు.
"ఏ దేశం ఇది?" అన్నాను.
"కసాయి దగ్గర నువ్వు అడుక్కొచ్చిన ఆవు ఎముక,
కాల్చి, నూరి, పైన ఒక పూత పూశాను."
నలుసు అందామంటే నలుసు కొండంత.
రవ్వ, పిసరు, ఇసుమంత, ఏ మాటా చాల్లేదు.
వెంట్రుకవాసి అంటామే,
ఆ వెంట్రుకని నిలువునా ఎనభైవేల పాయలు చేస్తే
ఒక పాయ అంత ఉంటుందట ఆ గుమ్మం.
ఫ్లోరైడ్ లోపలికొచ్చి కూర్చుంటుంది,
మళ్ళీ లేవదు.
"చెడ్డ చుట్టంలాగా" అన్నాను.
ఆమె నవ్వింది. కాగితం లేచింది.

అరవై రెండో పొడికి గానీ కుదర్లేదు.
అంతకుముందువి కొన్ని గడ్డకట్టాయి,
ఒకటి ఊరంతటికీ కాలిన వాసన తాగించింది.
బోరు దగ్గర ముసలి హమీసి కర్ర ఆనించి అడిగాడు:
"ఏ జంతువు ఎముక? ఎవరు కోశారు?"
కోసినవాణ్ణే వెంటబెట్టుకొచ్చి చూపించాం.
ఆమె అందరి ముందూ రెండు గ్లాసులు తాగింది.
ఆయన మూడో గ్లాసు తాగాడు.

ఆ ఏడాది మా అనాయేలి దోగాడుతోంది.

యంత్రం అంకె ఆ రోజే చెప్పేసింది.
పన్ను ఏడేళ్ళు తీసుకుంది.
పాలపళ్ళతో పని లేదట,
వాటి వెనక చిగుళ్ళలో, ఎవరూ చూడని చోట,
కణం మీద కణం పేర్చుకుంటున్నాయే, అవి అసలు సాక్ష్యం.
మధ్యలో రెండు నెలలు డబ్బులు రాలేదు,
పొడి అయిపోయింది, పాత నీళ్ళే తాగాం.
ఆ రెండు నెలలూ నేను దేవుడితో మాట్లాడలేదు.

మొన్న పొద్దున ముందరి పళ్ళు రెండూ బయటపడ్డాయి.
అనాయేలిని ల్యాబుకి తీసుకెళ్ళాను.
డాక్టరమ్మ టార్చి వేసి చాలాసేపు చూసింది.
అరటిపువ్వు లోపలి రేకు ఎంత తెలుపో అంత తెలుపు.
ఒక పంటి మీద సుద్దగీత, దారమంత.
"ఇది ఆ రెండు నెలలేమో" అంది,
రాసుకుంది.
ఆ పంటితో ఆమెకి కృతజ్ఞత చెప్పాలనుకున్నాను,
మాట రాక సీసాలన్నీ మళ్ళీ కడిగాను.

ఇంటికొచ్చే దారిలో మేక ఒకటి పోలీసు టోపీ నమిలింది.
అనాయేలి రెండు చేతులా నీళ్ళ డబ్బా పట్టుకుని
నోరంతా తెరిచి నవ్వింది.
నేనూ నవ్వాను.
"బాబా, నోటికి చెయ్యెందుకు?" అని అడిగింది.
దగ్గు, అన్నాను.